పేరు వచ్చే ఐదు చోట్లు

కెకెర్తాత్, ఉత్తర గ్రీన్‌లాండ్
1986 మే 6

నాకంటే తొమ్మిదేళ్ళు చిన్న చెల్లెలివై ఉండి, మన అమ్మమ్మ పేరు పెట్టుకున్న పాపానికి జీవితమంతా నా చేత 'అమ్మమ్మా' అనిపించుకుంటున్న తుకుమ్మెక్‌కి,

నీ మనవడు అవతాక్ రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం. కుక్కలూ బాగున్నాయి. బాగాలేనిది సినిమావాళ్ళే.

మీ కోపెన్‌హాగన్ నుంచి ముగ్గురు దిగారు. నాయకుడి పేరు ప్రెబెన్. మంచివాడే. మంచు ప్రదేశాల్లో బతికే మనుషుల మీద నిజం సినిమా తీస్తాడట. నిజం సినిమా అంటే వేషాలుండవు, మనం రోజూ చేసే పనే మళ్ళీ మళ్ళీ చెయ్యాలి. "ప్రపంచం చివర బతికే మనుషులు మీరు" అన్నాడు నాతో. "ఏ పక్కనుంచి చివర?" అని అడిగాను. దాన్ని కూడా పుస్తకంలో రాసుకున్నాడు.

అతనికి నేను నచ్చుతాననుకున్నాను. నా మొహంలో పళ్ళు తక్కువ, మాటలు ఎక్కువ. కానీ అతనికి నచ్చింది మన బావ. ఇవలు అక్క మొగుడు సినిమా హీరో అయిపోయాడమ్మా! ఉదయం లేచి మొహం కడుక్కుంటున్నాడు. అక్క కిటికీలోంచి చూసి, "పెళ్ళిచూపులకి కూడా కడగలేదు ఈ మొహం" అంటుంది.

మొన్న ఏం జరిగిందంటే, బావని మంచు మీద నిలబెట్టి, "నేను ఇనుతెక్‌ని. ఇది నా ఊరు" అనమన్నారు. అంతే మాట. నేను బండి వెనక దాక్కున్నాను. బావ నోరు తెరిచి పేరు చెప్పి ముగించగానే కుక్కలా ఊళ పెట్టాను. ఊళ్ళో కుక్కలన్నీ అందుకున్నాయి. మైకు పట్టుకున్న కుర్రాడు తల పట్టుకున్నాడు. మళ్ళీ చెప్పించారు. మళ్ళీ ఊళ. అలా పధ్నాలుగుసార్లు.

పధ్నాలుగోసారి బావ బండి వెనక్కి వచ్చి నా టోపీ పీకేశాడు.

"నీ నోరు నీ పెళ్ళాం కుట్టెయ్యలేదేరా?"

"దారం అయిపోయింది బావా."

"నా పేరు నేను ఒక్కసారి చెప్పుకుంటే నీకేం నొప్పి?"

"ఒక్కసారి చెబితే ఎవరికి గుర్తుంటుంది? పధ్నాలుగుసార్లు చెప్పించాను. దణ్ణం పెట్టు."

"పెడతాలే. చలికాలం రానీ, నీ గుడిసెలో ఉచ్చ పోసిపోతాను" అన్నాడు. ఆ మాట కూడా టేపులోకి ఎక్కిందట.

ప్రెబెన్‌కి ఒక తికమక. మన ఊళ్ళో ఇద్దరు ఇనుతెక్‌లు కదా, బావ ఒకడు, దుకాణంలో గుమాస్తా ఒకడు. బావ కోసమని గుమాస్తా ఇంటికి పోయి, అతను తీరిగ్గా కాఫీ తాగడం ఒక గంట సినిమా తీసుకొచ్చాడు. దారి చూపించింది నేనే అనుకో.

మన భాష విని డేనిష్‌లో రాసిపెట్టే మనిషి కావాలన్నాడు. నీ పేరు చెప్పాను. మీ ఆఫీసులో టైపు కొట్టుకుంటూ పదహారేళ్ళుగా పారిపోయి ఉన్నావుగా, ఇప్పుడు మేమే టేపులెక్కి నీ గదిలోకి వస్తాం.

అక్క కూతురు నాదుక్ కడుపుతో ఉంది. అక్టోబరులో కాన్పు.

నీ మనవడు
అవతాక్

•

కోపెన్‌హాగన్
జూలై 2

మనవడా,

ఉత్తరం అందింది. పనీ అందింది. రోజూ సాయంత్రం ఆఫీసు అయ్యాక ప్రెబెన్ గదికి వెళుతున్నాను. బొమ్మ ఒక చక్రం మీద, మాట ఇంకో చక్రం మీద ఉంటాయి. చెవులకి డిప్పలు తగిలించుకుని మాట వినడం, ఆపడం, రాయడం. కిటికీ బయట ట్రామ్ తీగలు తీసేసిన స్తంభాలు. లోపల మన కుక్కలు.

నీ ఊళలు పధ్నాలుగూ విన్నాను. మొదటి ఐదింటికి నవ్వాను. ఆరో ఊళ దగ్గర నీ వయసు లెక్కవేశాను. నలభై ఎనిమిది. ఒరేయ్, నీకు బుద్ధి ఎప్పుడొస్తుందో అమ్మమ్మగా నేను చూసిపోతానా?

నీ తుంటరితనం వల్ల జరిగింది ఏమిటంటే, బావ ఆ మాట ఒక్కోసారి ఒక్కోలా చెప్పాడు. ఒకసారి సిగ్గుగా, ఒకసారి విసుగ్గా, చివర నవ్వు ఆపుకుంటూ. ప్రెబెన్‌కి అవన్నీ నచ్చాయి. ఒక్కచోట వాడాల్సినదాన్ని ఐదు చోట్ల పెట్టాడు. సినిమాలో ప్రతి భాగం మొదట్లో బావ తన పేరు చెబుతాడు. దాన్నే సినిమాకి వెన్నెముక అంటున్నాడు.

నాకు అది అలవాటైపోయింది. రోజూ పని మొదలుపెట్టేముందు ఆ ముక్క పెట్టుకుంటాను. బావతో పాటు నేనూ పైకి అంటాను, "నేను ఇనుతెక్‌ని. ఇది నా ఊరు" అని. పక్కగదిలో మనిషి తలుపు తట్టి, బాగానే ఉన్నారా అని అడిగింది.

సెప్టెంబరు మధ్యలో వచ్చే ఓడలో సినిమా తెచ్చి మొట్టమొదట మీకే చూపిస్తానంటున్నాడు ప్రెబెన్. నన్నూ రమ్మన్నాడు. సెలవు లేదని చెప్పాను. నువ్వు మళ్ళీ అడగొద్దు.

నీ అమ్మమ్మ
తుకుమ్మెక్

•

కెకెర్తాత్
ఆగస్టు 11

అమ్మమ్మా,

మంచు పగిలింది. ఈ ఏడు కొమ్ము తిమింగలాలు జూలై ఆఖరుకే వచ్చాయి. తినడానికి తోలు కావలసినంత ఉంది. ఎండలో ఈగలు బాగా ఉన్నాయి. నాదుక్ బాగానే ఉంది, కాళ్ళు కాస్త వాచాయి. నా కింది పన్ను ఇంకొకటి ఊడింది. మతగురువు దాన్ని చూసి, దేవుడు నిన్ను కొంచెం కొంచెంగా పిలుచుకుంటున్నాడు అన్నాడు. మిగతావాళ్ళని అలా పిలవడు కాబోలు.

దుకాణంలో గుమాస్తా పేరు మార్చుకున్నాడు. ఏం పెట్టుకోవాలో తోచక బకెట్ల పక్కన నిలబడి ఉంటే, 'బకెట్' అన్నాను. అదే ఖాయమైంది. అందరూ అలాగే పిలుస్తున్నారు. పిల్లలు కూడా.

అక్క కిటికీకి దుప్పటి కట్టింది. ఎండ ఎక్కువగా ఉందంటుంది.

నీకొక పని చెబుతాను. ఆ యంత్రంలో మనిషి తను ఎవరో చెప్పుకునే చోటు వస్తుందే, ఇకమీదట అక్కడ మాట ఆపెయ్యి. నువ్వూ అనకు. ప్రెబెన్‌తో మాట్లాడి సినిమాలోనూ ఆ చోట్లు తీయించు. కాన్పు అక్టోబరులో అని రాశాను కదా.

ఇంతకుమించి రాయను. చెయ్యి నొప్పిగా ఉంది.

అవతాక్

•

కోపెన్‌హాగన్
ఆగస్టు 24

మనవడా,

గుమాస్తా పేరు మారిందని చదివి ఉత్తరం కింద పెట్టాను. మిగతాది మర్నాడు చదివాను. ఊళ్ళో ఒకడు పోతే, ఆ పేరున్న ఇంకొకడు పేరు మార్చుకోవడం నేను చిన్నప్పుడు చూశాను. పోయినవాళ్ళ పేరు ఒక బిడ్డకి చేరేదాకా ఎవరూ అనకూడదు, గుమాస్తా కోసమైనా అనకూడదు. అక్కడ ఆ పేరున్నది ఇద్దరికి. బకెట్ బతికే ఉన్నాడు.

బావ ఎలా పోయాడో నువ్వు రాయలేదు. రాయొద్దు, లేదా నీకు రాయాలనిపించినప్పుడు రాయి.

నేను నీకు చెప్పాల్సినది ఒకటుంది. నీ ఉత్తరంలో తేదీ చూసి వెనక్కి లెక్కపెట్టాను. తిమింగలాలు వచ్చిన దగ్గరనుంచి నీ ఉత్తరం అందేదాకా మూడు వారాల పైన. ఆ మూడు వారాలూ నేను ఇక్కడ రోజూ ఆయనతో కలిసి ఆ పేరు పైకి అంటూనే ఉన్నాను. వందసార్లు అయి ఉంటుంది. దారిలో ఉన్న పేరుని పిలిస్తే అటు తిరుగుతుందని అమ్మ అనేది. నా గదికి వచ్చి ఉంటే? నాకు పిల్లల్లేరు. నేను దాన్ని ఎవరికివ్వను? అక్కకి ఈ సంగతి చెప్పకు.

ప్రెబెన్‌తో మాట్లాడాను. ఇలా అన్నాడు: "నేను ఆ ఊళ్ళో ఆ పేరు ఎత్తను. మాట ఇస్తున్నాను. కానీ సినిమాలో అంటున్నది నేను కాదు, ఆయనే. తన పేరు తను చెప్పుకునే మనిషి నోరు నన్ను మూయమంటావా?"

పైగా కాపీ అచ్చయిపోయింది. బొమ్మా మాటా ఇప్పుడు ఒకే చక్రం మీద ఉన్నాయి. నేను కత్తిరించలేను. చూశాను. ఆ గదికి తాళం వేస్తారు.

అందుకని నాకు తెలిసింది రాస్తున్నాను. పేరు ఐదు చోట్ల వస్తుంది. సినిమా మొదలై తెల్లటి మంచు కనబడుతుంది, కుక్కలు కుడినుంచి ఎడమకి పోతాయి, ఆఖరి కుక్క దాటగానే మొదటిది. వేటాడిన సీలుని మంచు రంధ్రంలోంచి లాగి, బావ చేతులు మంచుకి రుద్దుకుంటాడు, రుద్దడం ఆపగానే రెండోది. అక్క తోలు గీకుతూ తల ఎత్తి కెమెరా వైపు ఉరుముతుంది, ఆ వెంటనే మూడోది. మతగురువు గంట కొడతాడు, మూడో గంట తర్వాత నాలుగోది. ఐదోది నీకు తెలుస్తుంది, బావ అప్పటికే నవ్వుతుంటాడు.

నేను చేయగలిగింది ఇంతే. మిగతాది నువ్వు చూడు. నీకు వచ్చిన విద్య ఒక్కటేగా.

తుకుమ్మెక్

•

కెకెర్తాత్
సెప్టెంబరు 20

అమ్మమ్మా,

ఓడ పదిహేనో తారీకున వచ్చింది. పిండి, పంచదార, తూటాలు, ప్రెబెన్. నీ ఉత్తరం అంతకు నాలుగు రోజుల ముందే హెలికాప్టర్‌లో అందింది. ఆ నాలుగు రోజులూ నేను ఇల్లిల్లూ తిరిగి నువ్వు రాసిన ఐదు చోట్లూ చదివి వినిపించాను. మతగురువు ఇంట్లో కూడా. ఆయన అంతా విని, "ఇది మన మతంలో లేదు" అన్నాడు. తర్వాత, "మూడో గంట తర్వాతా, నాలుగో గంట తర్వాతా?" అని అడిగాడు.

అక్కతో మాట్లాడటానికి నాకు ధైర్యం చాల్లేదు. తనే వచ్చింది.

"సినిమాకి నేను వస్తున్నాను" అంది.

"వద్దక్కా. అందులో వస్తుంది."

"తెలుసు. ఆయన్ని చూడాలి నాకు. మొహం కడుక్కుని ఉన్నాడుగా అందులో." తలుపు దగ్గర వెనక్కి తిరిగి, "పేరు ఇంకా దారిలో ఉందిరా. నాదుక్ దాకా వెళ్ళాలి. మధ్యలో ఎవరో పిలిచి పక్కకి తిప్పేస్తే, నా ఇంటికి ఎవరో ముక్కూమొహం తెలియని పిల్ల వస్తుంది. ఒకసారి పోగొట్టుకున్నాను. రెండోసారి పోగొట్టుకోను. నువ్వు నోరు తెరవడం తప్ప ఏ పనీ రానివాడివి, ఆ ఒక్కటీ సరిగ్గా చెయ్యి" అని వెళ్ళిపోయింది.

బడి గదిలో వేశారు. కిటికీలకి తోళ్ళు కట్టాం. యాభై రెండు మంది, ముందు వరసలో పిల్లలు, గోడ దగ్గర కుర్చీలో నాదుక్, పక్కన అక్క. నేను నాదుక్ వెనక నేల మీద కూర్చున్నాను. ప్రెబెన్ లేచి, వచ్చీరాని మన భాషలో, మీ దుఃఖం నా దుఃఖం అన్నాడు. నిజంగానే అన్నాడు. దీపం ఆర్పారు.

మంచు. కుక్కలు కుడినుంచి ఎడమకి. ఆఖరి కుక్క దాటింది. బావ నోరు తెరిచాడు. నేను ఊళ పెట్టాను.

నాతో పాటు బకెట్, వాడి పెళ్ళాం, పిల్లలు, ముసలాళ్ళు, గది మొత్తం. బయట కట్టేసిన కుక్కలు కూడా అందుకున్నాయి. బొమ్మలో బావ పెదాలు కదిలాయి, అంతే. ప్రెబెన్ ఉలిక్కిపడి యంత్రం మీద చెయ్యి వేశాడు. మేం ఆపేశాం. బుద్ధిమంతుల్లా చూస్తున్నాం. సీలు వచ్చింది. చేతులు రుద్దుకున్నాడు. ఆపాడు. ఊళ. అక్క తెర మీద ఉరిమింది, నిజం అక్క కూడా ఉరిమింది. ఊళ. మూడో గంట తర్వాత మతగురువే అందరికంటే ముందు మొదలుపెట్టాడు. ఐదోది బావ నవ్వుతూ చెప్పేది. మే నెలలో నేను అరిచిన అరుపూ, ఇప్పుడు నేను అరిచే అరుపూ కలిసిపోయాయి. అప్పుడు పేరు పధ్నాలుగుసార్లు చెప్పించడానికి అరిచాను. ఇప్పుడు ఒక్కసారి కూడా వినబడకుండా అరిచాను. గొంతు పూర్తిగా పోయింది.

ఐదూ అయిపోయాయి. జనం ఊపిరి పీల్చుకున్నారు. ఎవరో నవ్వారు. తెర నల్లబడింది. లేవబోతున్నాం.

ఆ నలుపులో, బొమ్మ లేకుండా, బావ గొంతు ఒక్కటే తన పేరు చెప్పింది. నెమ్మదిగా. ఎవరూ అరవలేదు. ఎవరికీ తెలియదు. గదంతటికీ పేరు స్పష్టంగా వినబడింది.

ప్రెబెన్ తర్వాత చెప్పాడు. పోయాడని తెలిశాక, గౌరవంగా ఉంటుందని, నువ్వు పని ముగించి వెళ్ళిన తర్వాత ఆ కాపీ చివర ఒక ముక్క అతికించాడట.

అప్పుడు నాదుక్ ఉన్న వైపునుంచి ఎవరో "ఆఁ" అన్నారు. ఇంట్లో మనిషిని పిలిస్తే పలికినట్టు.

దీపం వెలిగించారు. నాదుక్ మొహం పాలిపోయి ఉంది. "నేను కాదు" అంది. అక్క లేచి నాదుక్ పొట్ట మీద చెయ్యి వేసి ఊరంతటినీ చూసింది.

"విన్నారుగా అందరూ. పిలిచారు, పలికాడు. ఇంక అటూ ఇటూ పోడు" అంది. తర్వాత ప్రెబెన్ వైపు తిరిగి, "కాఫీ తాగి వెళ్ళు" అంది. అతను తాగాడు. సినిమాలో హీరో మాట్లాడినప్పుడల్లా కుక్కల్లా ఊళపెట్టి గౌరవించడం ఇక్కడి ప్రాచీన ఆచారమని పుస్తకంలో రాసుకున్నాడు. నేను అవునన్నాను.

బావ సంగతి. జూలై ఇరవైతొమ్మిది. తిమింగలం దగ్గర పడింది, బల్లెం వేశాడు, తగిలింది. తాడు పడవ చుట్టూ పడింది. నేను రెండు వందల బారల దూరంలో ఉన్నాను. ఎంత వేగంగా తెడ్డు వేశానో నాకు తెలుసు. చేరేసరికి పడవ అడుగు పైకి ఉంది. ఇంటికి తీసుకొచ్చాం. ఆ రోజు గాలి లేదు.

అవతాక్

•

కోపెన్‌హాగన్
అక్టోబరు 8

మనవడా,

ఆరో చోటు నాకు తెలియదు. తెలిస్తే రాసి ఉండేదాన్ని. క్షమించమని అక్కకి చెప్పు.

ఒక్క మాట అడుగుతాను. "ఆఁ" అన్నది ఎవరు? నువ్వు నాదుక్ వెనకే కూర్చున్నావని రాశావు. బడిలో మన పంతులు పేర్లు పిలుస్తుంటే, రానివాళ్ళందరి తరఫునా నువ్వే పలికేవాడివి. నాకు గుర్తుంది.

నేను ఇక్కడ ఆ యంత్రం దగ్గరికి వెళ్ళడం మానేశాను. గదిలో ఏ చప్పుడైనా అయితే అటు చూస్తున్నాను.

తుకుమ్మెక్

•

కెకెర్తాత్
అక్టోబరు 29

అమ్మమ్మా,

ఇనుతెక్ వచ్చాడు.

చూశావా, రాసేశాను. మూడు నెలల తర్వాత ఈ అక్షరాలు రాయడం. పందొమ్మిదో తారీకున పుట్టాడు. ఆడపిల్ల. మూడున్నర కిలోలు. మతగురువు నీళ్ళు చల్లి పేరు పెట్టగానే అక్క అందుకుని, "ఎక్కడికి పోయావయ్యా ఇన్నాళ్ళూ, పొయ్యి కూడా బాగుచెయ్యకుండా" అంది. పిల్ల ఏడ్చింది. "అదే ఏడుపు. పని చెప్పగానే ఇలాగే ఏడ్చేవాడు" అని కిటికీకి కట్టిన దుప్పటి విప్పేసి దాన్నే పిల్లకి చుట్టింది. నాదుక్ తన కూతుర్ని 'నాన్నా' అంటోంది. నేను 'బావా' అంటున్నాను.

బకెట్‌కి తన పేరు తనకి తిరిగొచ్చింది. వాడికి ఇష్టం లేదు. ఇనుతెక్ అని పిలిస్తే పలకడం లేదు, బకెట్ అంటేనే తిరిగి చూస్తున్నాడు.

నీ గదికి ఏమీ రాలేదు. చప్పుడైతే ఎలకలేమో చూసుకో. మన మనిషి ఇక్కడే ఉన్నాడని నాకు రుజువు దొరికింది. నిన్న అక్క పిల్లని నా చేతికిచ్చింది. మా ఇంట్లోకి తీసుకొచ్చాను. గడప దాటి రెండడుగులు వేశానో లేదో, చొక్కా నుంచి బూట్ల దాకా తడిపేసింది. చలికాలం రానీ అన్నాడు కదా, మాట నిలబెట్టుకున్నాడు. నీ దగ్గర టేపు ఉంది, విని చూసుకో. ఇప్పుడు వినొచ్చు. నువ్వూ అనొచ్చు.

ఇంక నువ్వు అడిగినది. పలికింది నేనే. గొంతు పోయి ఉంది, ఆలోచించే టైము లేదు, పిలుస్తున్నారు, ఎవరూ పలకడం లేదు, పలికాను. నేను చేసిన తుంటరి పనులన్నీ ఊరంతా చెప్పుకుని నవ్వుకున్నాను. ఇది మాత్రం ఎవరికీ చెప్పలేదు. నా పెళ్ళానికి కూడా. నీకు చెబుతున్నానంటే అమ్మమ్మవి కనుక. ఈ ఉత్తరం పొయ్యిలో వేసెయ్యి.

కానీ ఒకటి ఉంది. మొన్న కాఫీ దగ్గర అక్క ఆ సాయంత్రం సంగతి ఎత్తింది. తను రెండుసార్లు విన్నదట. మొదటిది బొంగురుగా, కుక్క గొంతులా ఉందంది, అంటూ నా వైపు అదోలా చూసింది. దాని తర్వాత ఇంకొకటి వినబడిందట, సన్నగా, లోపల్నుంచి.

నేను పలికింది ఒక్కసారే.

నీ మనవడు
అవతాక్